చార్జి లిస్టులో లేని బిడ్డ

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. బడిలో ఆ బాధ్యత ఎవరిది అన్నంత వరకే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు చట్టం సంగతి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది వంటివి అప్పుడు చేరాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కయింది. మన రెండు రాష్ట్రాలలోనూ భవిత కేంద్రాలు, శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు ఉన్నారు. ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి చిక్కు ఎక్కడ? "ఆ పాపా? రిసోర్స్ టీచరుగారు చూసుకుంటారండీ" అనే మాట దగ్గర. ఆ టీచరుగారు ఎన్నో బళ్లు తిరగాలి. వారు లేని రోజుల్లో కూడా పాప బడికి వస్తుంది కదా!

సెరిబ్రల్ పాల్సీ వల్ల నడక, రాత కష్టమైన ఎనిమిదో తరగతి అమ్మాయి ఉందనుకుందాం. తరగతి మేడమీద ఉంటే కిందికి మార్చవలసింది హెడ్మాస్టరు. దానికి పైసా ఖర్చు లేదు, ఏ జీవో అక్కరలేదు. నోట్సు రాయలేకపోతే నోటితో జవాబు చెప్పించుకోవలసింది సబ్జెక్టు టీచర్లు. చెట్టు కింద కూర్చోబెట్టకుండా ఆటలో ఏదో ఒక పని అప్పగించవలసింది వ్యాయామ ఉపాధ్యాయుడు. మధ్యాహ్న భోజనం వరుసలో పాప నిలబడలేదని తెలుసుకోవలసింది వంటమనిషి. మరుగుదొడ్డికి తోడు వెళ్లేది ఆయమ్మ. ఆ ఒక్క తోడూ లేకపోతే ఆడపిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా కూర్చుంటుంది. కొన్నాళ్లకు బడే మానేస్తుంది. పరీక్షకు సహాయ లేఖకుడు, అదనపు సమయం కావాలంటే గడువులోగా కాగితాలు పంపవలసింది ఆఫీసు గుమాస్తా. వీరిలో ఏ ఒక్కరు తప్పుకున్నా మిగిలినవారి శ్రమ వృథా అవుతుంది.

మరొకటి. పిల్లవాడికి ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టే అలవాటు మనకింకా పోలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది అటెండరుతో సహా అందరికీ తెలిసి ఉండాలి. ఎందుకంటే ఫిట్స్ టైంటేబులు చూసి రావు.

మిత్రులారా! మనమందరం చార్జి అప్పగించి వచ్చినవాళ్లమే. బీరువాలు, బెంచీలు, గ్లోబు, చివరికి తాళంచెవులు కూడా లెక్కపెట్టి సంతకాలు చేశాం. కాని ఈ పాప ఎక్కడ కూర్చోవాలి, ఏ మాటకు బెదురుతుంది, ఎవరు తోడు వెళతారు అన్న వివరం ఏ చార్జి లిస్టులోనూ ఉండదు. టీచరు బదిలీ అయితే ఆ తెలివిడి కూడా ఆయనతోపాటే బస్సెక్కి వెళ్లిపోతుంది. జూన్‌లో కొత్త టీచరు వస్తారు. పాప కథ మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని నా సూచన ఒక్కటే. అటువంటి ప్రతి బిడ్డకు ఒక్క పేజీ రాయాలి. ఏ పని ఎవరిదో పేరుపేరునా అందులో ఉండాలి. సిబ్బంది అందరూ సంతకం చేయాలి. తల్లిదండ్రులకు ఒక ప్రతి ఇవ్వాలి. బదిలీ వేళ అది తాళంచెవులతోపాటు చేతులు మారాలి.

మనం చేయగలిగింది కూడా ఉంది. ఫైలు నడిపించడం మనకు తెలిసినంతగా కూలికి వెళ్లే తల్లికి తెలియదు. వైకల్య ధ్రువపత్రం కోసం, లేఖకుడి దరఖాస్తు కోసం ఆమె తిరుగుతుంటే ఒక పూట తోడు వెళదాం. మన మనవలు చదివే బడికి వెళ్లినప్పుడు, "ఆ పేజీ ఉందా మాస్టారూ?" అని మర్యాదగానే అడుగుదాం.