ప్రయాణమున సామాను భద్రము



మా బీబీపేటకు రైలు లేదు. దూరప్రయాణము తలపెట్టినవారు కామారెడ్డికి పోయి, సికింద్రాబాదు–మన్మాడు మార్గమున నడచు బండి నెక్కవలయును. కాశికి పోవువారు తరచుగా సికింద్రాబాదున బండి మారుదురు. ఒక్కొక్కప్పుడు పూటయంతయు నచట గడపవలసి వచ్చును. ఆ పూట సామాను నెచట నుంచవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

ముప్పది యేండ్ల క్రిందట నేనొక పెద్ద స్టేషనులో దిగి, సామాను గదికి రుసుము దండుగయని తలచి, నా పెట్టెను వెలుపలి ఫలహారపుటంగడి వాని కప్పగించి దేవాలయమునకు పోతిని. లోభమునకు పొదుపని పేరు పెట్టుట మా పంతుళ్ళకు అలవాటు. మరలి వచ్చునప్పటికి అంగడివాడున్నాడు, పెట్టె లేదు. బట్టలు పోయినందులకు నాకు విచారము లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమునకు మా తండ్రిగారు ప్రతి పుట అంచునను వ్రాసికొన్న వివరణములు గల ప్రతి యందుండెను. అచ్చు పుస్తకమును మరల కొనవచ్చును. ఆ వ్రాతను ఎచట కొందును? ఠాణాలో నన్నడిగిన మొదటి మాట, "రసీదేది?" యని.

క్లోక్ రూమనబడు ఈ సామాను గది పెద్ద స్టేషనులలోనే యుండును. ప్రయాణపు టికెట్టు చూపవలెను. తాళము లేనిదానిని తీసికొనరు. గుడ్డమూటకు తాళమెట్లు పడును? కావున పెట్టెనో, తాళము పట్టు సంచినో యింటనే సిద్ధపరచుకొనవలెను. చెడిపోవు తినుబండారములను, విలువగల నగలను అందుంచరాదు. రుసుము 24 గంటల లెక్కన కట్టుదురు. గంట మీరినను మరియొక దినపు రుసుము పడును.

బండిలో మన యొద్దనే యుంచుకొన్న సామాను పోయినచో, రైల్వేవారి అజాగ్రత్తనో దుష్ప్రవర్తననో నిరూపించిననే తప్ప వారు బాధ్యులు కారని 1989 నాటి రైల్వేల చట్టము, 100వ సెక్షను. రైల్వే ఉద్యోగి బుక్ చేసి రసీదిచ్చిన లగేజి సంగతి వేరు. కావుననే రాత్రివేళ క్రింది బెర్తు అడుగున నుండు ఇనుప కడియమునకు గొలుసుతో పెట్టెను బిగింతురు. ఆ గొలుసు ఖరీదు చూచి వెనుదీయకుడు.

సామాను గది రసీదు పోయినచో, లోన నేమున్నదో చెప్పి, అది తనదేయని నమ్మించి, పూచీపత్రము వ్రాసి యీయవలసి వచ్చును. అంతలో బండి వెడలిపోవచ్చును. నేనిప్పుడు రసీదును చొక్కా లోపలి జేబున నుంచి, దాని సంఖ్యను వేరొక కాగితమున వ్రాసి నా యింటిదాని చేతి కిచ్చుచున్నాను.