గోల్ఫు బీళ్లు, ఊరి బీళ్లు



గోల్ఫు ఆటను గూర్చి తాడేపల్లివాడు మాటలాడుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ప్రత్తి, మిరప పండించు మన సీమలో ఆ యాటను కన్నులార చూచినవారే యరుదు. కావున ఆట సంగతి కొంచెము చెప్పి, అది యాడు నేల సంగతి యెక్కువగా చెప్పెదను. నేల సంగతి మనకు క్రొత్తది కాదు గదా.

పిల్లలు గుంట త్రవ్వి గోలీలాడుట మీరెఱుగుదురు. ఇదియు నించుమించుగా అట్టిదే. చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు పోయి 4.25 అంగుళముల వెడల్పు గల గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు 18 ఉండును. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినట్లు. గోలీలకు వాకిలి చాలును. దీనికి 100 మొదలు 150 ఎకరముల వరకు కావలెను.

అంత నేలపై పెంచు గడ్డి యేదనుకొన్నారు? ఉష్ణదేశములలో చాలచోట్ల అది మన గరికయే! మిరపతోటలో కనబడినచో వేళ్లతో పెకలించి గట్టుపై ఎండవేయు గరిక, వినాయకచవితినాడు మాత్రము మనము వెదకి తెచ్చుకొను గరిక, అచ్చట జమీందారు బిడ్డవలె పెరుగును. దానికి కోత, ఎరువు, మందు, వేసవిలో దినమునకు లక్షల లీటర్ల నీరు. ఆ గరిక నడుమ వేఱొక మొక్క తలయెత్తినచో అదియే కలుపు.

ఈ యాటను ఆంగ్లేయులు తమవెంట తెచ్చిరి. కలకత్తా క్లబ్బు 1829లో వెలసినది. బ్రిటిషు దీవులకు వెలుపల అదియే మొదటిదందురు. మన తెలుగునాట విశాఖపట్టణమున ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. దొరలు పోయిరి గాని క్లబ్బులు పోలేదు. గోలకొండలో నయాఖిల్లా గోడల నడుమ నేడు గోల్ఫు ఆడుచున్నారు. ఆ కోటగోడలను, అచ్చటి బ్రహ్మాండమైన ఏనుగుచెట్టును చూడబోవు సామాన్యునకు దారి యెట్లని యేండ్ల తరబడి వివాదము నడచినది. హైదరాబాదు ప్రక్కన మణికొండలో ప్రభుత్వపు పారిశ్రామిక సంస్థయు, దుబాయికి చెందిన ఎమారు కంపెనీయు కలసి 535 ఎకరములలో ఒక పథకము పెట్టినవి. అందు 235 ఎకరములు గోల్ఫు మైదానమునకే. మణికొండ నేల దర్గా వక్ఫుదా, ప్రభుత్వముదా యను వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోయి, 1654 ఎకరములు ప్రభుత్వమువే యని 2022 ఫిబ్రవరిలో తేలినది. కోర్టు తేల్చినది హక్కు సంగతి. ఆ మైదానమున ఎవరు కాలుపెట్టవచ్చునో క్లబ్బు నియమములు తేల్చును.

ఆ నియమములును చిత్రమైనవి. అమెరికాలో ఆగస్టా అనుచోట ఒక పేరుమోసిన క్లబ్బు గలదు. అది నల్లజాతివానిని సభ్యునిగా మొదట చేర్చుకొన్నది 1990లో. స్త్రీలను చేర్చుకొన్నది 2012లో. మన దేశమున కులము పేర గాని, రంగు పేర గాని అట్టి నియమమును నేడెవరును వ్రాయజాలరు. వ్రాయ నక్కఱయు లేదు. ప్రవేశ రుసుమే ఆ పని చేయును. అయినను గోడలోపల పనిచేయువారి బిడ్డలు ఆట నేర్చిరి. ఢిల్లీ మైదానమున సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచెను. అంతకుముందు భారతీయ వృత్తిక్రీడాకారుడెవ్వడును దానిని గెలిచియుండలేదు. కలకత్తా క్లబ్బులో గడ్డి సంరక్షించు వాని కుమారుడు చౌరాసియా అదే పోటీని 2016లోను, 2017లోను వరుసగా గెలిచెను. ఈ సంగతి చదివిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరాదు.

ఇక ఈ యాటకు పుట్టినిల్లని పేరుపొందిన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ కథ వినుడు. అది మన ఊరి కథవలెనే యుండును. సముద్రపుటొడ్డున ఇసుక బీడు ఆ పట్టణపు ఉమ్మడిసొత్తు. జనులు అచ్చట పశువులను మేపిరి, బట్టలు ఆరవేసిరి, బంతియు ఆడిరి. 1797లో పట్టణసభవారు అప్పులలో మునిగి ఆ బీడును వదలుకొనిరి. అది చేతులు మారి కుందేళ్ల వర్తకులపాలయ్యెను. కుందేళ్లు బొరియలు త్రవ్వి నేలను పాడుచేయగా, ఊరివారు వర్తకులతో కోర్టులలోను, కుందేళ్లతో బీడులోను పోరాడిరి! 1821లో ఆటయందు మక్కువ గల భూస్వామి యొకడు కొని కాపాడెను. పట్టణమువారు 1894లో పార్లమెంటు చట్టము ద్వారా దానిని మరల తమ వశము చేసికొనిరి. 1754లో పుట్టిన మహాక్లబ్బు ఆ బీడు ప్రక్కనే యున్నను, బీడు క్లబ్బుది కాదు. నేడచ్చట ఆడదలచిన పైవారు పేర్లిచ్చి చీటీలు వేయించుకొందురు. చీటీ వచ్చినవాడు ఆడును. సాధారణముగా ఆదివారము ఆట కట్టిపెట్టి, ఊరిజనులను పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డిపై తిరుగనిత్తురు.

అప్పుల కొఱకు ఉమ్మడి బీడును వదలుకొనుట ఒక దినము పని. తిరిగి పట్టణపు పేర వ్రాయించుకొనుటకు వారికి 97 ఏండ్లు పట్టినది.

మనము సీతానగరము కడ కృష్ణ యొడ్డున నున్నవారము. 2015లో రాజధాని కొఱకు భూసమీకరణము జరిగినప్పుడు, మూడుపంటలు పండు నేలయని ఉండవల్లి, పెనుమాక రైతులు పలువురు ఒప్పుకొనకపోయిరి. ఇచ్చినవారును కలరు. వారిలో నెవరిది తప్పని నేననను. రాజధాని ప్రక్క ఊళ్లకు విలాసపు తోటలు, క్లబ్బులు కావలెనని అడుగువారు వచ్చుట వింత కాదు. వచ్చినవారిని తఱిమివేయవలెననియు నేను చెప్పను. నాలుగు కొలువులు దొరకవచ్చును. కాని పోరంబోకు గాని, పచ్చిక బీడు గాని అడిగినచో, కౌలు ఎన్ని యేండ్లకో, గడువు తీరిన పిదప నేల ఎవరిదో, గరికకు పెట్టు నీరు ఏ కాలువనుండి తీయుదురో, ఊరిపశువుకును ఊరిమనిషికిని దారి యెటునుండియో కాగితముపై వ్రాయించి, గ్రామసభలో చదివించుడు. కాగితము ఆంగ్లమున నున్నచో తెలుగు ప్రతి చేతికి వచ్చువరకు వ్రేలిముద్ర గాని, చేవ్రాలు గాని వేయకుడు.