పోయిన కానుపు జ్వరం సంగతి ఈ కానుపులో చెప్పాలి



అరకులోయలో వానలు పడ్డాయంటే చలిజ్వరం భయం. ఆ జ్వరమే మలేరియా. అది దోమకాటు వల్ల వస్తుంది. గాలి సోకితే రాదు, దిష్టి తగిలితే రాదు. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని 1897లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఆ పని జరిగింది ఎక్కడో కాదు, సికింద్రాబాదులోనే.

ఒక తల్లి సంగతి అనుకోండి. తొలి చూలులో ఆమెకు చలిజ్వరం వచ్చింది. మందు వాడింది, తగ్గింది. బిడ్డ మాత్రం 2 కిలోలే పుట్టింది. ఇప్పుడు ఆమె మళ్లీ నెల తప్పింది. "ఒకసారి వచ్చి పోయింది కదే, ఇంక రాదులే" అంటుంది అత్త. ఈ మాట నిజమేనా?

నిజం కాదు. మలేరియా మళ్లీ రావచ్చు. కొత్తగా దోమ కుడితే వస్తుంది. ఒక్కోసారి దోమ కుట్టకపోయినా వస్తుంది. ఎలాగంటే, వైవాక్స్ అనే రకం క్రిమి కార్జంలో దాక్కుంటుంది. నెలలు గడిచాక మళ్లీ లేస్తుంది. దాన్ని చంపే మాత్ర ప్రైమాక్విన్. కడుపులో బిడ్డకు ప్రమాదమని గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వరు. అందుకే కానుపు అయ్యాక దాన్ని ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగాలి. పాలిచ్చే తల్లి తనంతట తాను వేసుకోకూడదు.

ఫాల్సిపారం ఇంకో రకం. ఏజెన్సీలో ఇదే ఎక్కువ. ఈ క్రిమి మాయలో చేరుతుంది. బిడ్డకు తిండి సరిగా అందదు. తల్లి ఒంట్లో నెత్తురు తగ్గుతుంది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు. కడుపు పోవచ్చు. తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు.

మరి ఏం చేయాలి?

నెల తప్పగానే ఏ.ఎన్.ఎం.కు గానీ ఆశా కార్యకర్తకు గానీ చెప్పాలి. "పోయిన కానుపులో మలేరియా వచ్చింది" అని అప్పుడే చెప్పాలి. సిగ్గు పడకూడదు.

జ్వరం వస్తే ఆ రోజే నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. వేలి మీద ఒక్క చుక్క చాలు. ఇచ్చిన మందు చివరిదాకా వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానకూడదు. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మింగకూడదు.

రోజూ దోమతెరలోనే పడుకోవాలి. ఐరను మాత్రలు మానకూడదు. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి.

పాత కానుపు కార్డు పారేయకండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. అందులో మలేరియా అని రాసి ఉందేమో మీరే చూడండి. ఉంటే, ఆ కార్డు చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.