హక్కుగా ఉన్నదానికి చందా ఎందుకు?

(స్థానిక సేవా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పట్టణాలలో, మండల కేంద్రాలలో మస్జిద్ కమిటీలున్నాయి, అంజుమన్లున్నాయి, యువజన సంఘాలున్నాయి, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చిన్న కేంద్రాలున్నాయి. వీటిలో చాలావాటికి సొంత కార్యాలయం లేదు, జీతం తీసుకునే గుమాస్తా లేడు. రమజాన్‌లో వచ్చే జకాత్, సదకాలతోనూ, జుమా నాడు పోగయ్యే చిల్లరతోనూ ఏడాది గడవాలి. ఆ డబ్బులోనుంచే వకీలు ఫీజు, దరఖాస్తు రాసినవానికి కూలి, సభకు హాలు అద్దె, సర్టిఫికెట్ తెచ్చిపెట్టే మధ్యవర్తికి ముడుపు వెళ్ళిపోతున్నాయి. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో జకాత్‌కు ఎనిమిది వర్గాల వారిని నిర్దేశించింది. ఆ ఎనిమిదింటిలో దళారి లేడు.

కనుక మేము మనవి చేయదలచినది ఒక్కటే. చట్టం మనకు ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో ఇచ్చినదానిని ముందుగా రాబట్టుకుందాం. చందా డబ్బును చట్టం తీర్చని అవసరాలకు మిగుల్చుకుందాం.

మొదటిది న్యాయ సహాయం. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కింది స్థాయిలో మండల కమిటీలున్నాయి. ఈ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, ఎస్సీ, ఎస్టీలు, విపత్తు బాధితులు, పారిశ్రామిక కార్మికులు ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. వీరికి ఆదాయ పరిమితి లేదు. మిగిలినవారిలో నిర్ణీత ఆదాయానికి లోబడినవారు అర్హులు. అంటే మెహర్ కోసమో, మనోవర్తి కోసమో, పిల్లల సంరక్షణ కోసమో తిరుగుతున్న మన సోదరి తన పేదరికాన్ని ఎవరి ముందూ నిరూపించుకోనక్కరలేదు. స్త్రీ కావడమే ఆమె అర్హత. జైలులో విచారణ ఖైదీగా ఉన్న యువకుని తల్లి వకీలు ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టనవసరం లేదు. ఫోన్ చేయదలచినవారికి 15100 అనే జాతీయ సహాయ నంబరు ఉంది. కోర్టులో నలుగుతున్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అయితే ఆ తీర్పుపై అప్పీలు ఉండదు కనుక సంతకానికి ముందు బాగా ఆలోచించుకోవాలి. మన సంఘం కోరితే ఆ సంస్థవారు మన వాడకే వచ్చి న్యాయ విజ్ఞాన సదస్సు నిర్వహిస్తారు. మన యువతీ యువకులు పారా లీగల్ వాలంటీర్లుగా శిక్షణ పొందవచ్చు. ఒక్కొక్క మొహల్లాకు అటువంటివారు ఇద్దరుంటే సగం తగాదాలు పోలీసు స్టేషను మెట్లెక్కకముందే దారికి వస్తాయి.

రెండవది సమాచారం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మన తెలుగు రాష్ట్రాలలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఏమీ చెల్లించనక్కరలేదు. రాయలేనివారు చెప్పినదానిని రాసిపెట్టడంలో సహాయపడటం సమాచార అధికారి బాధ్యత. 30 రోజులలో జవాబు రావాలి. వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో రావాలి. రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తరువాత రాష్ట్ర కమిషన్.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. చట్టం ఈ హక్కును పౌరునికి ఇచ్చింది కనుక సంఘం పేరుతో కాక కార్యదర్శి తన సొంత పేరుతో దరఖాస్తు చేయాలి. అడిగేది సూటిగా ఉండాలి. "మైనారిటీలకు ఏమి చేశారు?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా సంవత్సరంలో మా మండలం నుండి ఎందరు విద్యార్థులు ఉపకారవేతనానికి దరఖాస్తు చేశారు, ఎందరికి మంజూరైంది, ఎందరివి ఏ కారణంతో తిరస్కరించారు?" అని అడిగితే కాగితం కదులుతుంది. మన ఊరి ఖబరస్తాన్ ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలుగా వక్ఫ్ గెజిట్‌లో నమోదైందో అడగండి. గోడ కూలిన తరువాత ధర్నా చేయడంకన్నా గోడ నిలిచి ఉండగానే ఆ నకలు చేతిలో ఉండటం మేలు.

మూడవది స్థలం. ఇంటి పన్ను రశీదును ఒకసారి పరిశీలించండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసలు చొప్పున అది వసూలవుతోంది. మనమందరం చెల్లిస్తున్నాం, మన పిల్లలలో ఎందరు ఆ పఠన మందిరం గడప తొక్కుతున్నారు? పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలు, ఇంట్లో దొరకని నిశ్శబ్దం అక్కడ ఉన్నాయి. ఇరుకు ఇళ్ళలో చదువుకునే మన ఆడపిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తెప్పించమని జిల్లా గ్రంథాలయ సంస్థకు సంఘం తరఫున లేఖ రాయవచ్చు. అలాగే మస్జిద్ హాలు నమాజు వేళల మధ్య ఖాళీగా ఉంటుంది. అక్కడ సాయంత్రం పాఠాలు చెప్పించడానికి కావలసింది కమిటీ తీర్మానం ఒక్కటే.

నాలుగవది పనిముట్లు. కంప్యూటరులో లెక్కలు, లేఖలు రాసుకోవడానికి లిబ్రె ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. మండలి, గిడుగు, సురవరం వంటి యూనికోడ్ తెలుగు ఖతులు ఉచితంగా లభిస్తున్నాయి, కరపత్రానికి డి.టి.పి. ఖర్చు తగ్గుతుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. డిగ్రీ చదివే మన పిల్లలు ఇద్దరు ఆదివారం పూట కూర్చుంటే మొహల్లా పిల్లల ఫారాలన్నీ పూర్తవుతాయి.

అయితే ఇవన్నీ అందుకోవాలంటే సంఘానికి కాగితం సరిగ్గా ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రారు వద్ద సంఘాన్ని నమోదు చేయవచ్చు. నమోదుతో పని అయిపోదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. దానిని మరచిన సంఘం గ్రాంటుకు వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది. నమోదైన సంఘం పాన్ కార్డు తీసుకొని నీతి ఆయోగ్ వారి ఎన్.జి.ఓ. దర్పణ్‌లో రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటులకు ఆ గుర్తింపు సంఖ్యను అడుగుతారు.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన బిడ్డలు పంపే సొమ్ము గురించి కూడా చెప్పాలి. భారత పౌరుడు విదేశంలో సంపాదించిన తన సొంత పొదుపులోనుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, విదేశీ సంస్థలు ఇచ్చేది విదేశీ విరాళమే, ఎఫ్.సి.ఆర్.ఏ. అనుమతి లేకుండా దానిని ముట్టరాదు. దాత పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసిపెట్టుకోండి. సదుద్దేశంతో తీసుకున్న విరాళం కూడా సంఘాన్ని చిక్కులలో పడవేయగలదు.

సోదరులారా, మేము ఉద్యోగకాలమంతా కార్యాలయాలలో కాగితాల మధ్య గడిపినవాళ్ళం. నోటితో చెప్పిన విన్నపానికి కార్యాలయంలో ఉనికి లేదు. ఇన్‌వార్డు నంబరు పడిన కాగితం మాత్రం ఎవరో ఒకరి బల్లమీద జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కాబట్టి ఏ దరఖాస్తు ఇచ్చినా నకలు మీద తేదీ, ముద్ర, సంతకం తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల స్వీకరణకు వెళ్ళినా రశీదు లేకుండా తిరిగి రాకండి.

చివరగా మా ప్రతిపాదన. ప్రతి సంఘం వారానికి ఒక్క పూట, జుమా నమాజు తరువాత రెండు గంటలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు ఏర్పాటు చేయాలి. స్త్రీల కోసం ఒక సోదరి కూడా అక్కడ కూర్చోవాలి. వచ్చినవారి పేరు, పని, ఇచ్చిన దరఖాస్తు, దాని నంబరు, జవాబు రావలసిన తేదీ రాయాలి. గోడమీద 15100తో పాటు పిల్లలకు 1098, స్త్రీలకు 181, వృద్ధులకు 14567 నంబర్లు తెలుగులో, ఉర్దూలో రాయించాలి. ఏడాది చివర ఆ రిజిస్టరును, చందా లెక్కలను పక్కపక్కన పెట్టి జమాఅత్ ముందు చదవండి. దళారుల చేతికి పోకుండా ఎంత మిగిలిందో, ఆ మిగులుతో ఎందరు అనాథల ఫీజు కట్టగలిగామో అందరికీ తెలుస్తుంది.

మన హక్కును మనం అడిగి తీసుకునే ధైర్యాన్ని, చేతికి వచ్చిన అమానత్‌ను సక్రమంగా ఖర్చుపెట్టే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.