రందికి టెలిఫోను

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో 'రంది' అనే మాట ఒకటి ఉన్నది. దిగులు అన్నా, బెంగ అన్నా దానికి సరిపోవు. పుణెకు పోయిన కొడుకు కబురు పంపకపోతే తల్లికి పట్టేది రంది. తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతూ వాన వెనుకబడితే రైతుకు పట్టేది రంది. "ఏం లేదు, రంది పెట్టుకున్నడు" అంటారు ఇంటివారు. అంతటితో విచారణ ముగుస్తుంది. ఆకలి మందగించటం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మరి నిద్ర పట్టకపోవటం, గుండెదడ, అయినవారిని కసురుకోవటం, వీటికి వైద్యం కూడా ఉన్నదని తలచేవారు తక్కువ.

ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైనవి. అంతకుముందు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆనకట్టల వద్ద, కాలువ పనుల వద్ద పాలమూరు కూలీ పేరు ఎంత దూరం పోయినదో శ్రోతలకు కొత్తగా చెప్పనక్కరలేదు. కృష్ణా తుంగభద్రలు పారే సీమ నుండి జనం నీరు చాలక వలసపోవటం చిత్రమే. ఆలుమగలు ఇద్దరూ పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. మగడొక్కడే పోతే భార్య అత్తవారింట ఉంటుంది. పంపిన డబ్బు లెక్క, ఎత్తని ఫోను, ఎవరో చెప్పిన చాడీ, వీటితో సంసారంలో అనుమానం మొలకెత్తుతుంది. ఈ తగవులలో చాలావాటికి మనుషుల దుర్గుణం కంటె దూరమే కారణమని మా అభిప్రాయం.

మరి ఎవరితో చెప్పుకోవలె? మేనమామ ఉన్నాడు, ఊరిపెద్ద ఉన్నాడు. వారి మంచితనాన్ని మేము కాదనటం లేదు. కాని వారు విన్నది సాయంకాలానికి రచ్చకట్ట ఎక్కవచ్చును. ఆసుపత్రికి పోదామంటే హైదరాబాదులోని ఎర్రగడ్డ పేరే మనవారి నోట ఎగతాళి మాట అయి కూర్చున్నది. 2015–16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దలలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందటం లేదని తేలినది. దూరం, ఖర్చు, సిగ్గు, ఈ మూడింటిలో సిగ్గే బలమైన అడ్డుగోడ అని మాకు తోస్తున్నది.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' ఈ గోడకు ఒక కిటికీ పెట్టినది. 14416 అనే సంఖ్యకు పగలైనా రాత్రియైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి దేశస్థాయి కేంద్రం. తెలంగాణలో ఈ పిలుపులు అందుకొనే చోటు ఆ ఎర్రగడ్డ ఆసుపత్రియే! పోవటానికి సిగ్గుపడిన చోటికే గొంతు మాత్రం పోతుంది, చూసేవారు లేరు.

ఫోను ఎత్తే కౌన్సిలరు తీర్పరి కాదు. మగనిది తప్పా, ఆలిది తప్పా అని తేల్చడు. గద్వాల మగ్గం ముందు కూర్చోగానే గుండె దడదడలాడుతున్నదనే నేతగాని సంగతి తీసుకుందాము. దడ ఎప్పుడు మొదలైనది, ఆ క్షణాన మనస్సులో మెదిలిన తలపు ఏమిటి, నిద్ర ఎట్లా ఉన్నది అని అడుగుతారు. "ఈ చీర చెడితే నా బ్రతుకు చెడినట్లే" అన్న తలపు బయటపడితే, అది ఎంతవరకు నిజమో ఆయన చేతనే తరచి చూపిస్తారు. ఊపిరిని నెమ్మదిగా విడవటం నేర్పుతారు. భయపడి మానివేసిన పనిని మొదట పావుగంట, ఆపైన అరగంటగా తిరిగి పట్టమంటారు. ఇది ఒక్క పిలుపుతో తీరే పని కాదు, కొన్ని వారాల సాధన. రెండుసార్లు మాట్లాడి "లాభం లేదు" అని విడిచిపెట్టేవారు, రెండు రోజులు మందు మింగి సీసా పారవేసేవారివంటివారే.

మందు అవసరమైతే అది వైద్యుని పని. కౌన్సిలరు ఆ పిలుపును మానసిక వైద్యునికి అందిస్తాడు, లేదా దగ్గరి ఆసుపత్రికి పొమ్మంటాడు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోనే ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. ఇంట్లో కొట్టటం, హింసించటం ఉన్నప్పుడు మాత్రం సర్దుకుపొమ్మనే సలహా పనికిరాదు. స్త్రీలకు 181 సంఖ్య అందుకే ఉన్నది. ప్రాణం తీసుకోవాలన్న తలపు వచ్చినవారు తెల్లవారేదాకా ఆగరాదు. ఇంటివారు వారిని ఒంటరిగా విడువరాదు.

రుసుము తీసుకొని ఫోను తెరపై మాట్లాడే ప్రైవేటు సలహాదారులు కూడా ఇప్పుడు అనేకులు. వారిలో సమర్థులు ఉన్నారు, పేరు ముందు బిరుదు తగిలించుకున్నవారూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనేవారిని భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నదా అని నిస్సంకోచంగా అడగవచ్చును. వారంలో జబ్బు మాయం చేస్తామనేవారి జోలికి పోకపోవటం మేలు.

ఒకే గది ఉన్న ఇంట్లో, అత్తగారి ఎదుట కోడలు ఏమి మాట్లాడగలదు? ఈ చిక్కుకు ఏ శాస్త్రజ్ఞుడూ యంత్రం కనిపెట్టలేదు. చేను గట్టునో మిద్దె మీదనో వీలు చూసుకోవలె. ఏమని మొదలుపెట్టవలె అన్న సంకోచం అక్కరలేదు. "నాకు నిద్ర పడుతలేదు" అంటే చాలును. తతిమ్మా ప్రశ్నలు అటువైపువారే అడుగుతారు.