ఉత్తుత్తి ట్యాంకరు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, ఐదేళ్ల మా మనవరాలి చదువు నా నెత్తిన పడింది. ముప్పై ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి, పసిపిల్లకు అంకెలు నేర్పలేనా అనుకున్నాను. తొమ్మిదికి పలక, పదికి ఎక్కాలు అని టైంటేబులు గోడకు అంటించాను.

ఒకరోజు పాప పలక వదిలేసి, అట్టపెట్టెకు తాడు కట్టి వరండాలో లాగుతోంది. "ట్యాంకరొచ్చింది, బిందెలు తెచ్చుకోండి!" అని కేక. అనంతపురం పిల్ల కదా, ఆట కూడా నీళ్ల ఆటే! నేను కసిరాను: "అందులో నీళ్లు యాడున్నాయి? ఉత్తుత్తి మాటలు మాని అంకెలు రాయి." పాప ఏడవలేదు. పెట్టెను మూలకు నెట్టింది. వారం రోజులు పలక ముట్టలేదు, నాతో సరిగా మాట్లాడనూ లేదు.

మా ఇంటావిడ అంది: "నిమ్మలకుంట వాళ్లు తోలుబొమ్మలాడిస్తే తెల్లవార్లూ కూర్చుని చూస్తిరే, అది తోలు, రాముడు కాదని ఒక్కనాడైనా లేచి చెప్పినారా?" నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు నేనే బిందె పట్టుకుని వరండాలో నిలబడ్డాను. "ఏమమ్మా, ఈరోజు ట్యాంకరు రాదా?" పాప నావైపు కాసేపు చూసి, "లైన్లో నిలబడు తాతా" అంది. చింతపిక్కలు బిందెలయ్యాయి. ఇరవై బిందెలు, ఐదిళ్లు. ఒక్కొక్కటే పంచి, ఇంటికి నాలుగని లెక్కపెట్టింది. మళ్లీ ఆలోచించి, "పక్కింటి అవ్వకు ఇంకొకటి ఇయ్యాల, మన దాంట్లోనిది" అంది. మనకు మూడు, అవ్వకు ఐదు. తీసివేత, కూడిక ఒక్కసారే వచ్చాయి. దయ కూడా వచ్చింది. అది నా టైంటేబులులో లేదు. సాయంత్రం "నీళ్లు అయిపోయినాయి" అని బోర్డు రాయడానికి తానే పలక తెచ్చి అక్షరాలు అడిగింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. గుజరాతులోని భావనగరులో 1920లోనే గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టి, కథలతో, ఆటలతో చదువు చెప్పారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటల ద్వారానే నేర్పమంటోంది. నాకు అర్థమైంది ఒక్కటే: అట్టపెట్టెను ట్యాంకరు అనుకోగల పిల్లే, '5' అనే గీతను ఐదు బిందెలు అనుకోగలదు.

మిత్రులారా, కన్నవాళ్లకు లేని తీరిక మనకుంది. మీ ఇంట పసిపిల్లలు ఉత్తుత్తి కాఫీ ఇస్తే, షుగరుందని వద్దనకండి. తాగి, ఇంకో గ్లాసు అడగండి. పలక ఎక్కడికీ పోదు.

సెలవు.