ఎడారి బావిలో గాజు తీగ

బోరు వేస్తుంటే లారీ పక్కన నిలబడి చూసినవారు మీలో చాలామందే ఉంటారు. మట్టి పోయి రాయి తగలగానే మోత మారుతుంది. ఆ తేడా చెవికే తెలిసిపోతుంది. ఈరోజు చెప్పబోయేదీ బావిలోని చప్పుడు గురించే. కాకపోతే ఆ బావి ఎడారిలోది, అక్కడి చెవి వెంట్రుకంత సన్నని గాజు తీగ. అదే ఆప్టికల్ ఫైబర్.

చైనా వాయవ్య ప్రాంతంలో తక్లమకాన్ ఎడారి ఉంది. దాని అడుగున కొన్ని వేల మీటర్ల లోతులో చమురు, గ్యాసు ఉన్నాయి. వాటి జాడ తీయడానికి నేలమీద కంపనాలు పుట్టించి, రాతిపొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులు వింటారు. చిక్కల్లా ఇసుకతోనే. వదులు ఇసుక వేగమైన కంపనాలను మింగేస్తుంది. పరికరాలు పైన పెడితే తరంగం దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి ఆ ఇసుక దాటాలి. బావిలో పెడితే ఒక్కసారితో సరి.

తీగలోకి లేజర్ వెలుగును తునకలు తునకలుగా పంపుతారు. అందులో కొంత గాజులో చెదిరి వెనక్కి వస్తుంది. తీగ ఎక్కడ రవ్వంత సాగినా ఆ చోటి నుంచి వచ్చే వెలుగు మారుతుంది. బావి పొడవునా వేలాది చెవులున్నట్టే.

మరి విన్నది నిజమని ఎలా తేల్చాలి? ముందు తీగ ఎలా అమరిందో చూడండి. కేసింగు పైపు వెనుక సిమెంటులో బిగిస్తే మేలు. ఊరికే వేలాడదీస్తే తీగ తానే ఊగి మోగుతుంది. తర్వాత, తొలి తరంగం చేరకముందు ఉన్న రొదను, చేరినప్పటి బలంతో పోల్చాలి. అన్ని లోతుల్లోనూ ఒకే క్షణాన గీత కనిపిస్తే అనుమానించండి. పైనుంచి దిగే తరంగానికి ప్రతి మీటరుకూ సమయం పడుతుంది కదా! ఆ గీత పైనున్న యంత్రం అదురు. ఒకే కంపనాన్ని 4 సార్లు పుట్టించి కలిపితే, తీరూతెన్నూ లేని రొద సంకేతంతో పోలిస్తే సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు కంప్యూటరుకు నేర్పించి రొద ఏరించేస్తున్నారు. పటం అద్దంలా వస్తుంది. నాకైతే అక్కడే భయం. బియ్యం చెరిగాక పొట్టులో నూకలు పోయాయేమో చూస్తాం కదా, అలాగే తీసేసిన రొదను విడిగా గీయించి చూడాలి. అందులో వాలుగీతలు వరుసగా కనిపిస్తే, రొదతోపాటు బలహీనమైన ప్రతిధ్వనీ పోయినట్టే. ఆ పోయిన ప్రతిధ్వనే లోతైన పొరది కావచ్చు. దాన్ని నమ్ముకునే తర్వాతి బావి తవ్వుతారు మరి.

వీలైతే అదే లోతులో జియోఫోన్ కూడా దించి పోల్చడం మంచిది. జియోఫోన్ చెప్పేది నేల కదిలే వేగం, తీగ చెప్పేది సాగుదల. ఒకదాన్ని రెండోదానిలోకి లెక్కకట్టి మార్చకుండా పక్కపక్కన పెట్టి, కలవలేదనడం తగదు. పైగా తీగకు అడ్డంగా వచ్చే ఒత్తిడి తరంగం దానికి దాదాపు వినిపించదు. అక్కడ నిశ్శబ్దంగా ఉందని తీగ చెడిపోయిందనుకోకండి.